క్యాష్‌లెస్ ఉందన్న ధీమాతో ఆస్పత్రికి వెళ్ళేముందు

మా నాన్నకు గాల్ బ్లాడర్‌లో రాళ్ళుంటే ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్చాం. రాత్రి పదకొండింటికి డ్యూటీ డాక్టరమ్మ వచ్చి, కేస్ షీట్ రాసుకుంటూ "షుగర్ ఎప్పట్నుంచి అంకుల్?" అని అడిగింది. ఆయన మామూలు ధోరణిలో "ఎప్పట్నుంచో ఉందమ్మా, పదేళ్ళు ఉండదూ!" అన్నారు. నిజానికి షుగర్ బయటపడి అప్పటికి రెండేళ్ళే. పాలసీ తీసుకుని మూడున్నరేళ్ళు. ఆ అమ్మాయి విన్నది విన్నట్టు రాసుకుని వెళ్ళిపోయింది. డిశ్చార్జ్ రోజున ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్వెరీ పడింది: పదేళ్ళుగా షుగర్ ఉన్న మనిషి పాలసీ ఫారంలో ఆ సంగతి ఎందుకు రాయలేదు?

క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే ఏర్పాటు, ఆగిపోయింది. కార్డు గీకి బయటపడ్డాం. ఆ డబ్బు వెనక్కి రావడానికి రెండు నెలల పైనే పట్టింది.

అప్పట్నుంచి చుట్టాల్లో ఎవరు ఆస్పత్రిలో చేరుతున్నా ముందు నాకు ఫోన్ వస్తుంది. వాళ్ళకు చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎంత అరిచినా ఒరిగేదేమీ లేదు. క్లెయిమ్ చూసే మనిషి మిమ్మల్ని చూడడు, మీ గొంతు వినడు. అతని ముందు ఉండేది కాగితం ఒక్కటే. ఆ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పడేలా చూసుకోవడమే మన పని.

ముందు ఇంట్లో పాలసీ తియ్యండి

అరవై పేజీల పాలసీ ఎవరూ చదవరు, నేనూ చదవను. దానితోపాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని రెండు మూడు పేజీల కాగితం ఇస్తారు. అది చాలు. అడిగితే తెలుగులో కూడా ఇవ్వాలన్నది నియమం, మొహమాటపడకుండా అడగండి.

అందులో చూడాల్సినవి నాలుగు. రూమ్ రెంట్ పరిమితి ఎంత? కో-పే ఉందా, అంటే ప్రతి బిల్లులో ఇంత శాతం మీరే కట్టాలన్న షరతు ఉందా? కంటి శుక్లం లాంటి వాటికి విడిగా గరిష్ఠ మొత్తం పెట్టారా? వెయిటింగ్ పీరియడ్ ఎంత? ఈ చివరిదే చాలామందిని ముంచుతుంది. శుక్లం, హెర్నియా, పైల్స్, గాల్ బ్లాడర్ రాళ్ళు, మోకాలి మార్పిడి లాంటివాటికి చాలా పాలసీల్లో మొదటి రెండేళ్ళు డబ్బు రాదు. పాలసీకి ముందు నుంచే ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. 2024కు ముందు ఇది నాలుగేళ్ళ దాకా ఉండేది. ఆగగలిగే ఆపరేషన్ అయితే, గడువు తీరడానికి నెలో రెండు నెలలో ఉంటే, ఆగవచ్చా అని డాక్టర్ని అడగండి. ఆగకూడదంటే మాత్రం డబ్బు లెక్క పక్కన పెట్టేయండి.

ఆఫీసు వాళ్ళ గ్రూప్ పాలసీ కూడా ఉందా? చాలా గ్రూప్ పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉండదు కాబట్టి ముందు దాన్ని వాడండి. మిగిలింది సొంత పాలసీ మీద క్లెయిమ్ చేసుకోవచ్చు.

తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళు ఇదంతా చదివే ముందు ఆరోగ్యశ్రీ సంగతి చూసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఆస్పత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర, అంటే ఆ పథకం తరఫున రోగులకు సాయం చేసే మనిషి, కూర్చునే డెస్క్ ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళకముందే అక్కడ అడగాలి. క్యాష్ పేషెంట్‌గా చేరాక మార్పించుకోవడం తలనొప్పి. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే దాన్నీ విచారించండి.

ఓపీలో దొరికే అయిదు నిమిషాలు

పదిన్నరకి అపాయింట్‌మెంట్ అంటారు, పన్నెండున్నరకి పిలుస్తారు. డబ్బు ముందే కట్టించుకుంటారు కాబట్టి లేచి వెళ్ళిపోలేం. సర్జన్లు పొద్దున రౌండ్స్‌లోనో ఆపరేషన్ థియేటర్లోనో ఉంటారు. అందుకే రిసెప్షన్‌లో "నా టైమ్ ఎంత?" అని కాకుండా "డాక్టర్ గారు ఇవాళ ఓపీలో కూర్చునేది ఎన్నింటికి?" అని అడగండి. రెండు జవాబులూ వేరుగా ఉంటాయి. రివ్యూకి మళ్ళీ ఫీజు కట్టకుండా ఎన్ని రోజుల్లోపు రావచ్చో కూడా అప్పుడే అడిగేయండి.

లోపలికి వెళ్ళాక మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. కథ మొదటినుంచి మొదలుపెడతారు. "మొన్న మా మేనకోడలి పెళ్ళికి తెనాలి వెళ్ళామండీ, అక్కడ భోజనాలు కాస్త ఆలస్యమైతే..." ఈలోపు డాక్టరు ప్రిస్క్రిప్షన్ రాసేస్తాడు. ఏం బాధ, ఎన్నాళ్ళ నుంచి, ఏం చేస్తే పెరుగుతోంది అన్నది రెండు వాక్యాల్లో ముందు చెప్పండి. పెళ్ళి సంగతి ఆయన అడిగితే చెప్పొచ్చు. "పొద్దున ఒక తెల్ల గోళీ, రాత్రి ఒక ఎర్ర గోళీ" అని చెప్పే బదులు వాడుతున్న మందుల అట్టలే పట్టుకెళ్ళండి. పాత రిపోర్టులు తేదీల వరసలో, కొత్తది పైన ఉండేలా పెట్టుకోండి.

ఆపరేషన్ అన్నారనుకోండి, ఈ మూడూ అడగకుండా లేవద్దు: ఇప్పుడే చేయించాలా, నెల ఆగితే ఏమవుతుంది? మందులతో చూసే వీలుందా? ఈ టెస్టు ఫలితం ఎలా వచ్చినా వైద్యం అదేనా, మారుతుందా? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు విసుక్కోడు. విసుక్కుంటే అదీ మీకు ఒక సమాచారమే. రిపోర్టులు, స్కాన్ సీడీ తీసుకుని ఇంకో డాక్టర్ని అడగడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది.

ఓపీ చీటీలు, టెస్టుల బిల్లులు పారేయకండి. ఆ జబ్బుకే ఆస్పత్రిలో చేరితే, చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల ఖర్చు చాలా పాలసీలు ఇస్తాయి. అయితే మందుల బిల్లుకు ప్రిస్క్రిప్షన్ జత ఉండాల్సిందే.

రూమ్ ఎంచుకునేటప్పుడు చేసే లెక్క

"పైన తేడా ఎంతైనా మేమే కట్టుకుంటాం లెండి, మంచి రూమ్ ఇవ్వండి" అని దర్జాగా అనేస్తుంటాం. ఆ ఒక్క మాట ఎంత ఖరీదో చూడండి.

5 లక్షల పాలసీ, రూమ్ పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 5,000. మీరు తీసుకున్నది 8,000 రూమ్. మూడు రోజులు. తేడా 9,000 మాత్రమే కదా అనుకుంటాం. కానీ కంపెనీ "ప్రొపోర్షనేట్ డిడక్షన్" పేరుతో 5:8 నిష్పత్తిని సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీలు, నర్సింగ్, డాక్టర్ విజిట్లు అన్నిటికీ వర్తింపజేస్తుంది. ఇవన్నీ కలిపి 1,20,000 అయితే 75,000 ఇచ్చి 45,000 కోస్తారు. తొమ్మిది వేలనుకున్నది 54,000 అయింది. దీనికి తోడు ఐసీయూ కాని రూమ్ రోజుకు 5,000 దాటితే 5 శాతం జీఎస్టీ.

ఒక ఊరట ఏమిటంటే మందులు, ల్యాబ్ పరీక్షలు, స్టెంట్ లేదా లెన్స్ లాంటి ఇంప్లాంట్లు, ఐసీయూ చార్జీలకు ఈ నిష్పత్తి కోత వేయకూడదు. రూమును బట్టి రేట్లు మారని ఆస్పత్రిలో అయితే అసలు వేయకూడదు. తుది లెక్కలో వేశారేమో చూసుకోండి. మీ పరిమితిలో రూమ్ ఖాళీ లేదని ఆస్పత్రే పెద్ద రూమ్ ఇస్తే, ఆ సంగతి అడ్మిషన్ డెస్క్ చేత రాయించి సంతకం, స్టాంపు తీసుకోండి. కంపెనీ ఒప్పుకుంటుందన్న హామీ లేదు, కానీ తర్వాత వాదించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

కేస్ షీట్: ఇక్కడ నిద్రపోవద్దు

చేరిన మొదటి రెండు మూడు గంటల్లో ఒక డ్యూటీ డాక్టర్, ఒక నర్సు, మత్తు డాక్టర్ వేర్వేరుగా వచ్చి అవే ప్రశ్నలు అడుగుతారు. మనం ముగ్గురికీ మూడు రకాలుగా చెబుతాం. తెలుగులో కాలాన్ని చెప్పే పద్ధతే అలాంటిది. చానా ఏళ్ళనుంచి, ఎప్పట్నుంచో, మొన్నీమధ్య, కొద్దిగా, అప్పుడప్పుడు... ఇంట్లో వీటితో ఏ ఇబ్బందీ రాదు. కేస్ షీట్‌లో మాత్రం ఇవి ఏవో ఒక అంకెలుగా మారిపోతాయి, ఆ అంకె వేసేది మనం కాదు.

అందుకే ఇంటి దగ్గరే ఒక కాగితం రాసుకోండి. ఏ జబ్బు, ఏ తేదీన ఏ రిపోర్టులో మొదట బయటపడింది. వాడుతున్న మందులు, మోతాదు. పడని మందులు. పాత ఆపరేషన్లు, ఏ సంవత్సరం. సిగరెట్, మందు అలవాటుంటే ఎంత, ఎన్నాళ్ళు, ఎప్పుడు మానేశారు. దాన్ని మూడు కాపీలు తీసి, అడిగిన ప్రతివాళ్ళకీ ఒకటి ఇచ్చి "ఇందులో ఉన్నట్టే రాయండి డాక్టర్ గారూ" అనండి. పేషెంట్ పక్కన ఉండే మనిషికి కూడా ఈ కాగితం తెలిసుండాలి. రాత్రిపూట బాబాయో బావగారో కాపలా ఉంటే, వాళ్ళు ఉత్సాహంగా చెప్పే చరిత్ర మరీ ప్రమాదం.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఉన్న జబ్బును దాచమని నేను అనడం లేదు. మత్తు డాక్టరుకు బీపీ సంగతి, రక్తం పలచబడే మాత్రల సంగతి దాస్తే ప్రాణం మీదికొస్తుంది. తేదీతో సహా నిజం చెప్పమంటున్నాను, అంతే. పాలసీ ఫారం నింపేటప్పుడూ ఇదే సూత్రం. ఏజెంటు "అదేం రాయక్కర్లేదు సార్, ప్రీమియం పెరుగుతుంది" అంటే వినకండి. క్లెయిమ్ నాడు ఆయన ఫోన్ ఎత్తడు.

చేరిన కారణం ఏమని రాశారో కూడా చూడండి. కేవలం పరీక్షల కోసం, అబ్జర్వేషన్ కోసం చేరారని అర్థం వచ్చేలా ఉంటే ఓపీలో అయ్యే పనికి అడ్మిషన్ ఎందుకని క్లెయిమ్ తిప్పి పంపుతారు. సెలైన్ ద్వారా యాంటీబయాటిక్స్ ఇస్తున్నారా, ఆక్సిజన్ పెట్టారా, ఏ కారణంగా ఇంటికి పంపలేకపోయారు అన్నది డాక్టర్ నోట్స్‌లో ఉండాలి. రౌండ్స్‌కి వచ్చినప్పుడు మర్యాదగా అడిగితే చాలామంది రాస్తారు.

తప్పు పడిపోయిందా? కొట్టివేతలు, వైట్నర్ వద్దు. వాటిని చూస్తే కంపెనీకి లేని అనుమానం పుడుతుంది. సరిచేస్తూ కింద కొత్తగా రాసి, తేదీ, సమయం వేసి సంతకం పెట్టమని డాక్టర్ని అడగండి. లెటర్‌హెడ్ మీద వివరణ తీసుకోండి. మా నాన్న విషయంలో చివరికి గట్టెక్కించినవి మూడే: షుగర్ మొదటిసారి బయటపడిన ల్యాబ్ రిపోర్టు, దానికి ఏడాది ముందు నార్మల్ అని వచ్చిన రిపోర్టు, మా వీధి డాక్టర్ గారి రెండు లైన్ల ఉత్తరం. ఆ పాత రిపోర్టు అమ్మ చీరల బీరువాలో దొరికింది. ఇప్పుడు మా ఇంట్లో ప్రతి రిపోర్టూ ఫోన్‌లో ఫొటో తీసి ఉంటుంది.

అయిదేళ్ళు విడవకుండా పాలసీ నడిపినవాళ్ళకు ఈ బాధ చాలావరకు లేదు. 60 నెలలు దాటాక, మోసం అని రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. 2024కు ముందు ఇది ఎనిమిదేళ్ళు. కంపెనీ మార్చినా పోర్ట్ చేసుకుంటే, అంటే పాత పాలసీనే కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుంటే, పాత ఏళ్ళు కలుస్తాయి. అందుకే రెన్యువల్ తేదీ ఎట్టి పరిస్థితిలోనూ దాటనివ్వకండి.

లోపల ఉన్నన్నాళ్ళూ

రోజూ సాయంత్రం బిల్లింగ్‌లో ఇంటరిమ్ బిల్లు, అంటే అప్పటిదాకా అయిన ఖర్చు లెక్క, అడిగి తీసుకోండి. అంకె మాత్రమే ఇస్తామంటే బ్రేకప్ కావాలనండి. ఐటమ్ వారీగా బిల్లు అడగడం కూడా రోగి హక్కే. రాని డాక్టర్ విజిట్లు, వాడని ఇంజెక్షన్లు రెండో రోజే అడిగితే తీసేస్తారు. చివరి రోజు అడిగితే సిస్టమ్‌లో క్లోజ్ అయిపోయిందంటారు. వాడకుండా మిగిలిన మందుల్ని ఫైనల్ బిల్లుకు ముందే ఫార్మసీకి వాపసు చేయించండి. గ్లౌజులు, మాస్కులు, డైపర్లు, మినరల్ వాటర్, అటెండెంట్ ఖర్చుల లాంటివి మామూలు పాలసీల్లో రావు. వీటికోసం పోట్లాడి శక్తి వృథా చేసుకోకండి. స్టెంట్, లెన్స్ వేస్తే వాటి స్టిక్కరు, ఇన్వాయిస్ కాపీ మాత్రం తప్పక తీసుకోండి.

డిశ్చార్జ్ రోజు

పొద్దున ఎనిమిదింటికి డాక్టర్ "ఇవాళ ఇంటికెళ్ళిపోవచ్చు" అంటారు. అమ్మ బట్టలు సర్దేస్తుంది, డ్రైవర్‌కి ఫోన్ చేస్తారు. చీకటి పడ్డాక బయటపడతారు. ఇది దాదాపు అందరి అనుభవం.

నియమాలు ఏమంటున్నాయో తెలుసుకోండి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ జవాబు చెప్పాలి. డిశ్చార్జ్ వేళ ఆస్పత్రి తుది బిల్లు పంపాక మూడు గంటల్లోపు అప్రూవల్ ఇవ్వాలి. అంతకుమించి ఆలస్యమై ఆస్పత్రి అదనపు చార్జీ వేస్తే అది కంపెనీయే భరించాలి. చికిత్సలో ఉండగా మనిషి పోతే వెంటనే క్లెయిమ్ తేల్చి, పార్థివ దేహం అప్పగించేలా చూడాల్సిందీ కంపెనీయే.

కిటుకంతా ఆ మూడు గంటలు ఎప్పుడు మొదలవుతాయన్న దగ్గర ఉంది. డాక్టర్ "వెళ్ళొచ్చు" అన్నప్పుడు కాదు, ఇన్సూరెన్స్ డెస్క్ ఫైలు పంపినప్పుడు. డిశ్చార్జ్ సమ్మరీ టైప్ కాలేదు, ఫార్మసీ క్లియరెన్స్ రాలేదు, ఇన్‌చార్జ్ భోజనానికి వెళ్ళాడు అని మధ్యాహ్నం రెండింటిదాకా ఫైలు అక్కడే ఉంటుంది. ముందురోజు సాయంత్రమే "రేపు డిశ్చార్జ్ ఉండొచ్చా?" అని డాక్టర్ని అడిగి, సమ్మరీ డ్రాఫ్ట్ రాయించండి. దాన్ని మీరు చదవండి: పేరు, వయసు, ఎడమా కుడా, జబ్బు ఎప్పట్నుంచి, చేరిన తేదీ. పొద్దున డెస్క్ దగ్గరికి వెళ్ళి "ఎన్నింటికి పంపారు?" అని అడిగి ఆ సమయం రాసుకోండి. పంపామంటే మెయిల్ చూపించమనండి. అప్పుడు కంపెనీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి, క్లెయిమ్ నంబరు చెప్పి, క్వెరీ ఏమైనా ఉందా అని నేరుగా కనుక్కోండి. తప్పు మీదంటే మీదని ఆస్పత్రి, కంపెనీ అనుకుంటూ ఉంటే, ఎవరి దగ్గర ఆగిందో అరగంటలో తేలిపోతుంది.

క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. డబ్బు కట్టి, తర్వాత వెనక్కి ఇమ్మని రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకోవచ్చు. కట్టేముందు బిల్లులో ఏ ఐటమ్ మీద అభ్యంతరం ఉందో ఆస్పత్రికి మెయిల్ చేసి, అభ్యంతరంతోనే కడుతున్నామని రాయండి. డిశ్చార్జ్ సమ్మరీ, ఐటమ్ వారీ బిల్లు, రసీదులు, రిపోర్టులు, కేస్ షీట్ కాపీ తీసుకోండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. క్లెయిమ్ పెట్టే గడువు పాలసీలో ఉంటుంది, చాలావాటిలో డిశ్చార్జ్ తర్వాత నెల లోపే. ఒరిజినల్స్ పంపేముందు ప్రతి పేజీ స్కాన్ చేసుకోండి.

కాదన్నారు, ఇప్పుడేం చేయాలి?

ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఏ షరతు కింద కాదన్నారో, ఏ క్లాజు కింద ఎంత కోశారో రాసివ్వాల్సిన బాధ్యత కంపెనీది. ఆ ఉత్తరం చేతికొచ్చాక కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. ఆవేశం వద్దు. వాళ్ళు చెప్పిన కారణం ఒక పేరాలో, అది ఎందుకు తప్పో ఇంకో పేరాలో, జత చేసిన కాగితాల జాబితా చివర్లో. మేం ఎన్నేళ్ళుగా ప్రీమియం కడుతున్నామో, ఎంత మానసిక క్షోభ పడ్డామో నాలుగు పేజీలు రాస్తే మూడో పేజీ ఎవరూ తిప్పరు.

రెండు వారాల్లో జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, 155255కు ఫోన్ కూడా చేయొచ్చు. అది కంపెనీ మీద ఒత్తిడి పెడుతుందే తప్ప తీర్పు చెప్పదు.

తీర్పు కావాలంటే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు కలిపి ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు లేకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపు అక్కడికి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు. ఆఫీసు గ్రూప్ పాలసీ అయినా తీసుకుంటారు. అయితే ఇదే వివాదం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే ఇక్కడ తీసుకోరు, కాబట్టి ముందు ఏది అన్నది ఆలోచించుకుని దిగండి. ఖర్చు లేనిది కాబట్టి నేనైతే ముందు దీనికే వెళ్ళమంటాను.

హియరింగ్‌కి మొత్తం ఫైలు మోసుకెళ్ళినా చేతిలో పట్టుకోవాల్సింది ఒక్క పేజీ: తేదీలు, పక్కనే ఆ తేదీకి రుజువు ఏ పేజీలో ఉందో. తీర్పు మీవైపు వస్తే కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. దాటితే ఆలస్యమైన ప్రతిరోజుకూ 5,000 రూపాయల చొప్పున మీకే కట్టాలి. ఆ 30వ రోజు ఏ తేదీన పడుతుందో కాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.